హైటెక్ సిటీ స్టేషన్‌కు తాళం పడిన పదిహేను నెలలు

కొత్తగూడ చౌరస్తాలో తలెత్తితే 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ కనిపిస్తుంది. అక్కడికి రెండు మూడు కిలోమీటర్లలోనే ఉన్న హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్‌ను మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే. గట్టి వాన పడితే నీళ్లు నిలిచే రైల్వే అండర్‌బ్రిడ్జి పక్కన రెండు ప్లాట్‌ఫాంలు, పసుపు బోర్డు, బయట షేర్ ఆటోలు. ఈ దారిన నిజాం రైలు 1874 నుంచే నడుస్తోంది. ఐటీ భవనం సైబర్ టవర్స్ 1998లో వచ్చింది. ఎంఎంటీఎస్ మాత్రం 2003లో గానీ రాలేదు. పట్టాలు పక్కనే ఉన్నా ఐటీ నగరానికి రైలు చివర్లో గుర్తొచ్చింది. ఆ చిన్నచూపు ఎంత లోతైనదో 2020 మార్చిలో ఈ స్టేషన్ మూతపడ్డాక తేలింది.

కరోనా కాలంలో మూయక తప్పలేదన్న మాట నిజమే. కానీ మెట్రో 2020 సెప్టెంబరులో తిరిగి మొదలైంది, సిటీ బస్సులు కూడా ఆ నెలలోనే రోడ్డెక్కాయి. ఎంఎంటీఎస్ కదిలింది 2021 జూన్ 23న, అదీ పది సర్వీసులతో. అంతకుముందు రోజుకు 120కి పైగా నడిచేవి. వైరస్ ఒక్కటే కారణమైతే మెట్రోకు, ఎంఎంటీఎస్‌కు మధ్య తొమ్మిది నెలల తేడా ఎందుకు? ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు ఇంజనీర్లకు ఉంది. అద్దాల మేడలు తుడిచేవాళ్లకు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులకు లేదు. ఐదు రూపాయల నుంచి మొదలయ్యే టికెట్ అవసరం వాళ్లదే.

మెట్రో ఉందిగా అంటారు. అది అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా వచ్చి ఆగుతుంది. హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి వాళ్లకు దక్కదు. దూరప్రాంత రైళ్లతో పట్టాలు ఖాళీ లేవన్న వాదనకు మాత్రం బలముంది. ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగకుండా దూసుకుపోవడం ప్లాట్‌ఫాం మీద నిలబడితే కళ్లారా కనబడుతుంది. అయితే దానికి విరుగుడు అదనపు లైన్లు వేయడం. లోకల్ రైళ్లకు కోత పెట్టడం కాదు. సమయానికి రాని రైలు కోసం జనం ఎదురుచూడరు, జనం రాలేదని రైళ్లు తగ్గిస్తారు. తాళం తీసినా స్టేషన్ ఇలాగే మూతపడుతుంది.

2023లో స్టేషన్లను పునరాభివృద్ధి చేసే అమృత్ భారత్ పథకం జాబితాలో దీన్ని చేర్చారు. భవనం బాగుపడితే సంతోషమే. అంతకన్నా ముందు ఉదయం, సాయంత్రం పావుగంటకో రైలు నడపండి. దిగినవాళ్లను కొత్తగూడ, మైండ్‌స్పేస్ వైపు చేర్చే బస్సు ఆ వేళలకే పెట్టండి.