మగ్గం కింది పిల్లి

మా అశోక్ చౌక్‌లో పిల్లిని ముద్దు కోసం తెచ్చుకున్నవాళ్ళు తక్కువ. గంజి పెట్టిన నూలుకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పిల్లి వస్తుంది. చద్దర్లు, టవళ్ళు నేసే కార్ఖానాల్లో అదీ ఒక పనిమనిషే.

మా ఇంటి పిల్లికిప్పుడు పద్నాలుగేళ్ళు. కొన్ని నెలలుగా గిన్నెడు నీళ్ళు తాగి మళ్ళీ గిన్నె దగ్గరికే వస్తోంది. చిక్కి సగమైంది. పశువుల డాక్టరు రక్తపరీక్ష చేయించి మూత్రపిండాల జబ్బన్నారు. ముసలి పిల్లుల్లో ఇది మామూలేనట. మూత్రపిండాలు మూడింట రెండు వంతులు పాడయ్యేదాకా ఈ దాహం బయటపడదు. పోయిన భాగం మళ్ళీ రాదు.

పుణేలో ఉన్న మా అమ్మాయి ఈ సంగతి విని, "మూలకణాలతో బాగవుతుందట నాన్నా, ఖర్చు నేను పంపిస్తాను" అంది. అవసరాన్ని బట్టి వేరే రకం కణంగా మారగలిగేది మూలకణం. ఆరోగ్యంగా ఉన్న పిల్లి కొవ్వులోంచి తీసి, పెంచి, జబ్బు పిల్లికి ఎక్కిస్తారు.

ఈ మాటలు మేడమీద అద్దెకుండే తమ్ముడి చెవిన పడ్డాయి. పవర్‌లూమ్ మీద పనిచేసిన మనిషి, ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతున్నాడు. "అన్నా, పిల్లికి బాగైతే మన్షికెందుకు గాదు?" అన్నాడు.

బ్యాంకులో ఎవరి కాగితమైనా చదవకుండా సంతకం పెట్టని అలవాటు నాది. ఇదీ చదివాను. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు ఈ వైద్యాన్ని పిల్లుల మీదే పరీక్షించారు. 2011లో సూదితో నేరుగా మూత్రపిండంలోకి ఎక్కిస్తే రెండు జబ్బు పిల్లుల్లో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. ఆశ అక్కడ పుట్టింది. 2016లో అచ్చయిన పరీక్షలో ఎనిమిది పిల్లులున్నాయి. కొన్నిటికి రక్తనాళం ద్వారా మూలకణాలు, కొన్నిటికి ఉత్త ద్రవం ఎక్కించి పోల్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెంచినవాళ్ళ కళ్ళకు పిల్లి హుషారుగా కనిపించడం వేరు, రక్తంలో క్రియాటినిన్ తగ్గడం వేరు. అందుకే పోల్చి చూడాలి.

మనుషుల విషయంలోనూ భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. కొన్ని రక్తవ్యాధులకు తప్ప, అనుమతి పొందిన పరీక్షల బయట మూలకణ వైద్యం చెయ్యడం అనైతికం.

అమ్మాయికి డబ్బు పంపవద్దన్నాను. పిల్లికి డాక్టరు చెప్పిన భాస్వరం తక్కువ తిండి, ఇంట్లో నాలుగుచోట్ల నీళ్ళు పెడుతున్నాం. దాంతో జబ్బు నయం కాదు, రోజులు పెరుగుతాయి.

తమ్ముడికి చెప్పడమే కష్టమైంది. అంతా విని, "ఎవలన్న పైసలడిగితే ఇయ్యద్దంటవ్, గంతే గదా?" అన్నాడు.

"గంతే" అన్నాను.

మెట్ల దగ్గర పిల్లి నీళ్ళు తాగుతోంది. కాసేపు దాన్నే చూశాడు.

"దాన్ని తాగనియ్యి అన్నా. నాకైతే గ్లాసులు లెక్కబెట్టి ఇస్తరు."