నీళ్లొక్కటే చాలవు

జగిత్యాలలో అయినా, కోరుట్లలో అయినా, సిరిసిల్లలో అయినా అక్వేరియం దుకాణం ముందు ఆగితే రంగు చేపల తొట్ల పక్కన ఓ ప్లాస్టిక్ టబ్బు కనబడుతుంది. అందులో పది రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్దవైన ఆకుపచ్చ తాబేలు పిల్లలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతుంటాయి. కంటి వెనక ఎర్రటి చార. పిల్లలు అక్కడి నుంచి కదలరు. "ఇది పెద్దగ కాదు, చేపలల్లనే ఏసుకోండ్రి, ఇంటికి మంచిది" అనే మాట ఆ టబ్బుల దగ్గర చాలాసార్లు విన్నాను. మొదటి రెండు ముక్కలూ అబద్ధం. మూడోది నమ్మి కొన్నవాళ్లు తాబేలుకు ఏం కావాలో అడగరు, అది తమకేం తెస్తుందో చూస్తారు.

కోరుట్లలో మా అక్క కొడుక్కి వాళ్ల నాన్న మస్కట్ నుంచి చుట్టీ మీద వచ్చినప్పుడు అద్దాల తొట్టి కొనిచ్చాడు. అందులో గోల్డ్‌ఫిష్‌లు. ఆ తర్వాత తాబేలూ వచ్చి చేరింది. కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత ఓ చేప తోక చీలికలైంది. ఓ పొద్దున ఆ చేపే లేదు. "మామా, తాంబేలు మంచిది కాదు, చేపలను తింటున్నది" అని ఫోన్లో ఏడుపు.

తాబేలు చెడ్డదేం కాదు. ఎర్రటి చార ఉన్న ఈ ఎర్రచెవుల తాబేలు పిల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా పురుగునూ, చేపనూ, నత్తనూ తింటుంది, పెద్దవుతున్న కొద్దీ ఆకు వైపు మళ్లుతుంది. కుచ్చులాంటి తోకల గోల్డ్‌ఫిష్ నెమ్మదిగా ఈదుతుంది. నాలుగు అద్దాల మధ్య అది పారిపోయేదెక్కడికి? చెరువులో అయితే చేపకు లోతు ఉంటుంది, గడ్డి ఉంటుంది, తప్పించుకునే దారి ఉంటుంది. పోనీ తింటే తిననీ అని గోల్డ్‌ఫిష్‌లనే మేతగా వేసేవాళ్లూ ఉన్నారు. దానితోనూ చిక్కే. ఆ చేపలో బీ1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. అదే మేతగా సాగితే తాబేలు నరాల జబ్బున పడుతుంది.

కంటికి కనబడని తగువు ఇంకొకటి ఉంది, నీళ్లలో. తాబేలు చాలా మలినం చేస్తుంది. ఆ మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది. చేప మొప్పలకు అది విషం. ఫిల్టర్‌లో పెరిగే మంచి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది గానీ, చేపల కోసం బిగించిన చిన్న ఫిల్టర్ తాబేలు ధాటికి ఆగదు. నీళ్లు మురికయ్యాయని ఒక్కసారే అన్నీ పారబోసి మిషన్ భగీరథ నల్లా కింద తొట్టి పెడితే, ఆ నీళ్లలోని క్లోరిన్ ఆ మంచి బాక్టీరియానూ చంపుతుంది, చేపలనూ చంపుతుంది. మా అక్క బీడీలు చుడుతూనే ఈ లెక్కంతా విని, మరునాటి నుంచి బకెట్లో నీళ్లు ముందురోజే పట్టి ఉంచడం మొదలుపెట్టింది. మారిస్తే కొన్ని కొన్నిగానే.

ఇవన్నీ సరిచేసినా అసలు లోటు తీరదు. చేపకు నీళ్లే లోకం. తాబేలుకు నీళ్లు సగం లోకమే. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. పూర్తిగా ఒళ్లారేలా పొడిగా ఉండే మెట్టు ఒకటి కావాలి. దాని ఒంటికి వేడి బయటి నుంచే రావాలి, ఆ వేడి లేకపోతే తిన్నది అరగదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితేనే డీ3 విటమిన్ తయారై, కాల్షియం డిప్పకు పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు ఆపేస్తుంది కాబట్టి, హాల్లో టీవీ పక్కనున్న తొట్టిలో తాబేలు ఎన్నేళ్లున్నా ఎండ చూడనట్టే. డిప్ప మెత్తబడుతుంది, మేత మానేస్తుంది. తాబేలు పిల్లల్లో చాలామటుకు ఇలాగే పోతాయి. పోయిన వాటిని చూసే "పెద్దగ కాదు" అన్న మాట నిలబడిపోయిందేమోనని నాకు బాధ. బతికి బట్టకడితే ఆడది పాతిక సెంటీమీటర్లు దాటుతుంది, ముప్పయ్యేళ్లు బతుకుతుంది.

అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహకం దాని పుట్టిల్లు. పిల్లలు తాబేళ్లను ముట్టుకుని సాల్మొనెల్లా బారిన పడుతున్నారని అక్కడ 1975లోనే నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని ఆపేశారు. (మనమూ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, మరీ ముఖ్యంగా పసివాళ్లున్న ఇంట్లో.) యూరోపియన్ యూనియన్ 1997లో దిగుమతి నిలిపింది. ప్రపంచంలో అతి హానికరమైన వంద పరాయి జీవుల జాబితాలో దీని పేరుంది. కేరళలో త్రిశూర్ దగ్గర కాలువలో ఇవి బయటపడ్డాక అక్కడి అటవీ పరిశోధన సంస్థ వాళ్లు వెంటబడాల్సి వచ్చింది.

అందుకే అక్క ఓ రోజు "ధర్మపురి పొయినప్పుడు గోదాట్ల ఇడిషొస్తం తియ్యి, పుణ్యమన్న అస్తది" అంటే నేను గట్టిగా వద్దన్నాను. గోదావరిలో, మన చెరువుల్లో మన తాబేళ్లున్నాయి. చెరువు ఎండితే మట్టిలో దూరి, వానల దాకా అలాగే ఓపిక పట్టే మెత్తడిప్ప తాబేలు ఉంది. బావిలో నీళ్లు శుభ్రంగా ఉంటాయని పెద్దవాళ్లు వేసేది కూడా ఆ జాతినే. చచ్చినవాటిని, నత్తలను తిని చెరువును బాగుచేసే ఆ జీవి మీదికి పరాయి పోటీదారును, దాని రోగాలను తోలితే పుణ్యమెక్కడిది? ఇంకో మాట కూడా చెప్పాలి. వలలో పడిందని మెత్తడిప్ప తాబేలును గానీ, అందంగా ఉందని నక్షత్ర తాబేలును గానీ ఇంటికి తెస్తే అది నేరం. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోవి. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు.

చివరికి మేనల్లుడు చేపలను తొట్టిలోనే ఉంచాడు. తాబేలుకు డాబా మీద పెద్ద సిమెంటు తొట్టి కట్టించారు. ఓ మూల ఇటుకలతో మెట్టు, పైన సగం మేర గ్రీన్ నెట్, కాకులకు అందకుండా జాలి. నెట్ ఎంత అవసరమో మా వైపు ఎండలెరిగినవాళ్లకే తెలుసు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజున లోతులేని నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, నీడలేని తాబేలు అందులో ఉడికిపోతుంది. జనవరి చలికి అది మేత ముట్టకపోతే బలవంతం చేయకుండా రాత్రిళ్లు లోపలికి తెస్తారు.

మొన్న వెళ్తే అల్లుడు హైదరాబాద్ చదువు గురించి మాట్లాడుతున్నాడు. "మరి దీన్నెవరు సూస్తరురా?" అన్నాను. వాడు జవాబిచ్చేలోపే అక్క అందుకుంది: "నేన్లేనా? పొద్దుగాల ఎంత ఎయ్యాల్నో, మాపటికి ఎంత ఎయ్యాల్నో రాసిచ్చి పొమ్మను."