మాడ్రిడ్ మామ్మగారి బల్ల

మా నాన్న భారత రాయబార కార్యాలయంలో గుమాస్తా. ఆయనకు మాడ్రిడ్ వేసేనాటికి నేను మూడో తరగతి, తమ్ముడు ఒకటి. స్పెయిన్ 1992 కోసం ముస్తాబవుతున్న రోజులవి. బార్సిలోనాలో ఒలింపిక్స్, సెవియాలో ఎక్స్‌పో, మాడ్రిడ్ నుంచి సెవియాకి కొత్త హైస్పీడు రైలు. మా బడిలో ఎవరి నోటు పుస్తకం మీద చూసినా ఒలింపిక్స్ కుక్కపిల్ల కోబీ బొమ్మే. అవన్నీ లీలగా గుర్తున్నాయి. కళ్లకు కట్టినట్టు గుర్తున్నది మాత్రం మా కింది అంతస్తులో మామ్మగారి గుండ్రటి బల్ల. దాని మీద నేలదాకా జీరాడే మందపాటి గుడ్డ, చలికాలంలో ఆ గుడ్డ కింద కరెంటు కుంపటి. కాళ్లు లోపలికి పెట్టుకుని కూర్చుంటే ఇక లేవబుద్ధయ్యేది కాదు.

మామ్మగారిది లా మాంచా ప్రాంతం, సియుదాద్ రియాల్ వైపు పల్లెటూరు. యాభైల్లో, అరవైల్లో ఊళ్లు వదిలి పనికోసం మాడ్రిడ్ చేరిన లక్షలమందిలో ఆవిడా తాతగారూ ఉన్నారు. తాతగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. అమ్మ ‘మామ్మగారూ’ అని పిలిస్తే మేమూ అలాగే పిలిచేవాళ్లం, ఆవిడా పలికేవారు.

గుమ్మంలో నిలబడి మాట్లాడటం ఆవిడకి సుతరామూ గిట్టదు. అమ్మ ఏ పనిమీద వెళ్లినా ‘పాసా, పాసా’ అంటూ లోపలికి లాక్కెళ్లేవారు. రెండు బుగ్గలకీ రెండు ముద్దులు, వెంటనే ‘ఎస్తాస్ ఎన్ తు కాసా’, ఇది నీ ఇల్లేననుకో, అని. ఆ మాట స్పెయిన్‌లో అందరూ అంటారు, మర్యాదకి. నాన్న ఆఫీసులో పనిచేసే అక్కడివాళ్లూ అనేవారు గానీ వాళ్ల గడప మేమెప్పుడూ తొక్కలేదు. స్నేహితులు కలవాలనుకుంటే అక్కడ బార్‌లో కలుస్తారు. ఈసారి డబ్బులు నావంటే నావని కౌంటర్ దగ్గర తోపులాట కూడా అక్కడే. ఇల్లు మాత్రం ఇంటివాళ్లకీ, అయినవాళ్లకీ. అందుకే మామ్మగారు ఆదివారం భోజనానికి పిలిచినప్పుడు నాన్న కోటు వేసుకుని, మిఠాయి దుకాణంలో కాగితం చుట్టి దారం కట్టిన కేకుల పెట్టె పట్టుకుని దిగారు. ‘ఇవన్నీ ఎందుకయ్యా, నువ్వేం తేనక్కర్లేదు’ అని ఆవిడ కోప్పడ్డారు. ఆ కోపం అచ్చం మా అమ్మమ్మ కోపమే.

అమ్మ గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఆ రోజుల్లో అక్కడ మాంసం తినం అంటే పెద్ద ముక్క తినరు కాబోలనుకునేవారు. మొదటి ఆదివారం పప్పులోంచి పందిమాంసపు చోరిసో ముక్కలు ఏరి పక్కన పెట్టి అమ్మకి వడ్డించారు. సలాడ్ మీద డబ్బా చేపముక్కలు. అమ్మ రొట్టె, ఆలివ్ కాయలు, నారింజపండుతో లేచింది. మామ్మగారు అంతా చూశారు గానీ ఏమీ అనలేదు. తర్వాతిసారి వెళ్లేసరికి పొయ్యి మీద పిస్తో ఉడుకుతోంది. ఉల్లిపాయ, బెంగళూరు మిర్చి, గుమ్మడిజాతికి చెందిన కలబసీన్ కాయ, చివర్న టొమాటో, అన్నీ ఆలివ్ నూనెలో సన్నని సెగ మీద మగ్గి మగ్గి నూనె పైకి తేలేదాకా. అమ్మ వాటా తీసి వేరే మట్టిపాత్రలో పెట్టాకే మిగతావాళ్ల పళ్లాల్లోకి వేయించిన గుడ్లు దించారు. దానికి వేరే గరిటె. ఇదొక్కటి చూసినందుకే అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మా అమ్మకి వడ్డించడం వచ్చు, వడ్డించుకుని కూర్చోవడం రాదు. మా ఇంట్లో చుట్టాలు, నాన్న, మేము, అందరి తిండీ అయ్యాక అడుగంటిన గిన్నెల ముందు అమ్మ. మామ్మగారింట్లోనూ చెయ్యి ఊరుకోక గిన్నెలందుకోబోయింది. ‘సియెంతాతె, ఇహా, కె సె ఎన్‌ఫ్రీయా.’ కూర్చో తల్లీ, చల్లారిపోతుంది. అమ్మ కూర్చునేదాకా ఎవరూ చెంచా ఎత్తలేదు. ఉప్పు కోసమో నీళ్ల కోసమో మామ్మగారు లేస్తే ఆవిణ్ణీ అదే మాటతో తాతగారు కూర్చోబెట్టేవారు. ఆ తర్వాతే ‘కె అప్రొవెచె’, ఒంటికి పట్టాలి అని, భోజనం మొదలు. రొట్టెకి పళ్లెం ఉండదు, బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు. ఇంకొంచెం అంటే చాలనాలి, మళ్లీ ఇంకొంచెం అంటే మళ్లీ చాలనాలి, మూడోసారి పళ్లెం చాచాలి. ఇందులో అమ్మకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది.

తినడం అయిపోతే లేవడమని మేమనుకునేవాళ్లం. అక్కడ అసలు సంగతి అప్పుడే మొదలు. పళ్లాలు తీసేస్తారు, రొట్టె పొడి మాత్రం బల్లగుడ్డ మీద అలాగే. పొయ్యి మీద కాఫీ కెటిల్ గురగురమంటుంది, పిల్లలకి కోలకావ్ చాక్లెట్ పొడి కలిపిన పాలు. తాతగారు అలమరలోంచి అనీస్ దెల్ మోనో అనే మద్యం సీసా తీసేవారు. గరుకు గాజు సీసా అది, క్రిస్మస్ పాటలప్పుడు దాని ఒంటి మీద చెంచాతో గీకుతూ తాళం వేసేవారు. ఇలా భోంచేసిన చోటే గంటలకొద్దీ కూర్చుని మాట్లాడుకోవడాన్ని సొబ్రెమెసా అంటారు. తిన్న వెంటనే లేచి వెళ్లిపోతే ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. నాన్న మొదట్లో వాచీ చూసుకునేవారు, తర్వాత తర్వాత వాచీ ఇంట్లోనే వదిలేసి దిగేవారు.

మామ్మగారి చిన్నతనం మాకు తెలిసింది ఆ బల్ల దగ్గరే. అంతర్యుద్ధం ముగిశాక వచ్చిన కరువు కాలం ఆవిడది. స్పెయిన్‌లో రేషన్ కార్డులు 1952 దాకా ఉన్నాయి. గోధుమలు దొరక్క ఆల్మోర్తా పిండితో గాచాస్ అనే జావ కాచుకునేవారట. ఆవిడ ఆ గింజ చూపిస్తే అమ్మ గుర్తుపట్టేసింది, మన కేసరిపప్పే! అదే తిండిగా బతికినవాళ్లకి కాళ్లు పడిపోవడం వాళ్ల ఊళ్లోనూ ఉందని విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ గాచాస్ తినే పద్ధతి మాత్రం తాతగారు లేచి నిలబడి చేసి చూపించారు. మధ్యలో ఒక్కటే మూకుడు, చుట్టూ ఇంటిల్లిపాదీ. ‘కుచరాదా ఇ పాసో అత్రాస్.’ ఒక చెంచా తీసుకో, ఒక అడుగు వెనక్కి వెయ్యి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొస్తారు. ఆ వేళకి దారినపోయేవాడు గుమ్మంలోకొస్తే అతనికీ ఒక చెంచా. ‘దోందె కొమెన్ దోస్, కొమెన్ త్రెస్’, ఇద్దరు తినేచోట ముగ్గురు తింటారని ఆవిడ ఎప్పుడూ అనేవారు. కడుపు నిండినవాళ్లు ఆ మాట అనడం సులువే. మామ్మగారు కరువు చూసి అన్నారు.

ఒక ఆగస్టులో మమ్మల్ని వాళ్ల ఊరు తీసుకెళ్లారు. రైల్లో ఎదుటి సీటాయన మూట విప్పి, జేబు కత్తితో రొట్టె కోసి, తినబోయేముందు పెట్టెలో అందరి వైపూ చూసి ‘గుస్తాన్?’ అన్నాడు. కాస్త తింటారా అని. ‘గ్రాసియాస్, కె అప్రొవెచె’ అని అందరూ జవాబిచ్చారు. అడక్కుండా తినకూడదు, అడిగారు కదా అని తీసుకోనూకూడదు.

ఊళ్లో రాత్రి భోజనాలయ్యాక ఇంటింటా కుర్చీలు వీధిలోకొచ్చేవి. గాలి కోసం అలా కూర్చోవడాన్ని ‘తోమార్ ఎల్ ఫ్రెస్కో’ అంటారు. మా కాకినాడ అరుగుల మీద జరిగేదంతా అక్కడ కుర్చీల్లో జరిగేది. దారినపోయే ఎవరికైనా ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. 2021లో దక్షిణాన కాదిస్ ప్రాంతంలోని అల్గార్ అనే చిన్న ఊరి మేయర్, ఈ వీధి కబుర్లకి యునెస్కో గుర్తింపు కావాలని అడిగారు. ఆ వార్త చదివి ఎంత సంతోషించానో! టీవీలూ ఏసీలూ వచ్చి మన అరుగుల్ని మింగేసినట్టే అక్కడి కుర్చీల్నీ మింగేస్తున్నాయి.

మాడ్రిడ్ వదిలే రోజు మామ్మగారు మెట్ల దాకా వచ్చారు, మెట్ల మీద ఇంకో అరగంట. ‘ఇక్కడ మీ ఇల్లుందని తెలుసుగా’ అని ఆఖరి మాట. అది కూడా స్పెయిన్‌లో అందరూ అనేదే. మా అమ్మకి మాత్రం అక్కడ నిజంగానే ఒక పుట్టిల్లుంది.

కాకినాడ వచ్చాక అమ్మ గిన్నెలన్నీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, తనూ కంచం పెట్టుకుని చుట్టాలతో పాటే కూర్చోవడం మొదలుపెట్టింది. ‘వచ్చినవాళ్లు తింటుంటే ఇంటి ఇల్లాలు ఎదురుగా కంచం వేసుకోవడమేమిటే’ అని నాయనమ్మ చాలా రోజులు సణిగింది. ‘అన్నీ వడ్డించాకే కూర్చున్నానత్తయ్యా. మీరూ రండి’ అనేది అమ్మ, జవాబుగా ఒక కంచం జరిపి. నాయనమ్మ వచ్చి కూర్చోడానికి ఏడాది పట్టింది. చేతులు కడుక్కున్నాక అమ్మ అందర్నీ మళ్లీ బల్ల దగ్గరికే పిలిచి కాఫీ ఇచ్చేది. అలా ఒక మధ్యాహ్నం నాయనమ్మ 1953 గోదావరి వరదల సంగతి ఎత్తింది. లంకల నుంచి తడిబట్టలతో వచ్చినవాళ్లకి తను, తోటికోడలు రాత్రంతా గంజి కాచిపోశారట. ఆ సంగతి అప్పటిదాకా మా నాన్నక్కూడా తెలీదు.