బతుకమ్మ నెత్తిన చేయి

తలపై బతుకమ్మ నుంచుకొని హనుమకొండ వేయిస్తంభముల గుడికి నడచుట ఓరుగల్లు స్త్రీలమైన మాకు చిన్ననాటి యలవాటు. ఆ పళ్లెమును పట్టిన చేతికి మూలమెక్కడనో మే మెన్నడును విచారింపలేదు. మా యత్తగారు తడిసిన వాకిట జారిపడి, మెడక్రింది యెముక విరిగిన యేట దానిని తెలిసికొంటిమి.

ఈ యెముకను శాస్త్రమున జత్రుక యందురు. చేయి భుజముకడ మొదలగునని మన తలంపు. నిజమునకు చేతిని మొండెముతో కలుపు ఎముకల కీలు గొంతుగుంట ప్రక్కనున్న యొక్కటియే. అచ్చట జత్రుక రొమ్ముటెముకను కలియును. నడుమ నొక మెత్తని బిళ్ల యుండి యదురును తాళును. గట్టి బంధన మొకటి జత్రుకను మొదటి ప్రక్కటెముకకు కట్టియుంచును. రెండవ కొస భుజముపై రెక్కయెముకతో కలియును. చేతిని చెవిదాక నెత్తునప్పటి 180 డిగ్రీలలో ఇంచుమించు 120 భుజపు కీలువి. తక్కిన 60 రెక్కయెముక తిరుగుటవలన వచ్చును. జత్రుక పైకి లేచి, తనలో తాను వెనుకకు దొర్లిననే గాని యవి పూర్తికావు. గొంతుగుంట ప్రక్కను వ్రేళ్లుంచి రెండవ చేతి నెత్తిచూడుడు. ఆ కదలిక తెలియును.

పెద్దవారికి ఈ యెముక అతుకుటకు సాధారణముగా 6 మొదలు 12 వారములు పట్టును. అతికినదనియు, జోలె విప్పి చేతిని మెల్లగా నాడింపవలెననియు వైద్యుడు చెప్పెను. మేము వినలేదు. "మీరు కూసోండ్రి అత్తమ్మా, మేం చేస్తం" అని బిందె ముట్టనీయలేదు. జడయు మేమే వేసితిమి. అది ప్రేమ యనుకొంటిమి. ఎంగిలిపూల నాడామె పళ్లెము నెత్తబోగా చేయి భుజము దాటలేదు. మాటాడక దానిని కోడలి కందిచ్చి వెనుక నడచెను. విరిగిన యెముక అతికినది. మేము కదలనీయని భుజము బిగిసినది.

పిమ్మట వైద్యుని సలహాతో ఆమె ప్రతిదినము గోడపై వ్రేళ్లను ప్రాకించుచు చేతిని కొంచెము కొంచెముగా పైకి జరిపెను. నొప్పికి కన్నులు చెమర్చినను మానలేదు. మరుసటి యేడు సద్దుల బతుకమ్మ నాడు పళ్లెము నెత్తుచుండగా మేము చేయూత నీయబోయితిమి. "ఇడువుండ్రి బిడ్డా" అనెను. విడిచితిమి. ఆమె మా ముందు నడచెను.

ఎముక అతుకువరకు కట్టు, అతికిన పిమ్మట కదలిక, రెండును మందులే. ఏది యెప్పుడో వైద్యు నడుగుడు. మన జాలి నడుగవలదు.