83 సెకన్ల వెలుగు

కంటికి లేజర్ అనగానే మా పిఠాపురంలో మొదట అడిగేది, "కాలుస్తారా?" అని. పెదనాన్నకి చేసింది కాల్చే లేజర్ కాదు. చేతి నరంలోకి పది నిమిషాలపాటు వెర్టెపోర్ఫిన్ అనే మందు ఎక్కించారు. వెలుగు తగిలేదాకా ఊరుకుని ఉండే మందు అది. రక్తంతో తిరుగుతూ, రెటీనా వెనక అడ్డదిడ్డంగా పెరిగిన నాళాల్లో ఎక్కువగా చేరుతుంది. ఎక్కించడం మొదలైన పావుగంటకి 689 నానోమీటర్ల ఎర్రటి కాంతిని ఆ చోటు మీద 83 సెకన్లు పెడతారు. అప్పుడు మందు పనిలోకి దిగుతుంది. నాళం లోపలి పొరని దెబ్బతీసి, రక్తం గడ్డకట్టించి, దాన్ని మూసేస్తుంది.

పెదనాన్న ఉప్పాడ జాందానీ నేస్తాడు. తిన్నగా ఉండాల్సిన పడుగు పోగులు మధ్యలో వంగి కనబడ్డాయి. ముందు మగ్గాన్ని అనుమానించాడు. కంటి డాక్టరు గళ్ల కాగితం చూపించి అడిగింది కూడా అదే: గీతలు తిన్నగా ఉన్నాయా?

2000లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు ఈ వైద్యం పెద్ద ఆశ. 2006లో కంట్లోకి ఇచ్చే రానిబిజుమాబ్ ఇంజెక్షన్ వచ్చాక వెనకబడింది. ఇంజెక్షన్ చాలామందికి పోయిన చూపులో కొంత తిరిగిచ్చింది; కాంతి వైద్యం ఎక్కువగా చేసింది, ఉన్నది జారిపోకుండా చూడటం. అయినా దాని పని అయిపోలేదు. నాళాల చివర బుడిపెల్లా ఉబ్బే రకం ఒకటి ఆసియావాళ్లలో ఎక్కువ. ఇంజెక్షన్‌కి ఈ కాంతి తోడైతే ఆ బుడిపెలు బాగా మూసుకుంటాయి. పెదనాన్నది ఆ రకమే.

తర్వాత ఐదు రోజులు ఎండ తగలకూడదన్నారు. పెద్దమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టేసి లైట్లు కూడా ఆర్పేసింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, చీకట్లో ఉంచొద్దన్నారు. ఒంట్లో మిగిలిన మందుని ఇంట్లో ఉండే మామూలు వెలుతురే మెల్లిగా నిర్వీర్యం చేస్తుందట. దుప్పట్లు ఉంచి, లైట్లు వేశాం. ఆయన మధ్యగదిలో కూర్చుని రేడియో విన్నాడు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా "చూపొచ్చిందా?" అంటారు. రాలేదు. ఆ కంటికి మధ్యలో మసక అలాగే ఉంది. పెరగడం మాత్రం ఆగింది. ఇంత ఖర్చు పెట్టి, ఇంత దూరం తిరిగి, వచ్చింది ఇదేనా అని వాళ్ల మొహాల్లో కనిపిస్తుంది. నేను వివరించబోతే పెదనాన్న అడ్డుపడతాడు.

"పోగు తెగలేదురా. అది చాలు, నేత సాగుద్ది."