వాగు లోయలు - తరి భూములు

మానవుడు ఆదినుండియు నీటి ఒడ్డునే ఊరు కట్టుకొన్నాడు. మా మేళ్లచెరువు పేరులోనే చెరువున్నది. పూర్వము నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ ఊరికి దక్షిణమున కృష్ణానది ప్రవహించుచున్నది. ఇచ్చటి శంభులింగేశ్వరస్వామి శివలింగము పైనున్న చిన్న రంధ్రములో ఎల్లప్పుడును నీరు ఊరుచుండునని భక్తులు చెప్పుకొందురు. నేలలో నీరు ఊరుట భక్తునకు మహిమ, రైతునకు జీవనాధారము.

నిజాము కాలపు రెవెన్యూ లెక్కలు మనకు రెండు చక్కని మాటలను మిగిల్చినవి: తరి, ఖుష్కి. పారసీకమునుండి ఉర్దూ ద్వారా వచ్చి ఇవి తెలుగు రైతు నోట స్థిరపడినవి. తర్ అనగా తడి, ఖుష్క్ అనగా పొడి. వానకాలపు వరిని ఆబి అనియు, వేసంగి వరిని తాబి అనియు అనుట ఆనాటి వాడుక. ఆబ్ అనగా నీరు. మా కళాశాలలో ఉర్దూ చదువు మిత్రులకును, తెలుగు చదువు మిత్రులకును పొలము గట్టున ఒకే నిఘంటువు చాలును.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలుటకు పూర్వము ఈ సీమలో తరి భూమి ప్రధానముగా చెరువుల క్రిందను, వాగుల వెంటను ఉండెడిది. కాలువ నీరెక్కని మెరకలలో నేటికిని వాగు లోయయే రైతునకు ధైర్యము. పది ఎకరముల ఖుష్కి ఉన్నను, వాన ముఖము చాటువేసిన ఏడు ఇంటిల్లిపాదికి అన్నము పెట్టునది వాగు ప్రక్కనున్న ఇరవై గుంటల తరియే. పశువులకు గడ్డియు అక్కడిదే. కాబట్టి ఆ ఇరవై గుంటల విలువను విస్తీర్ణముతో కొలువరాదు.

వేసవిలో వాగు ఒడ్డున ఇసుక తవ్వి చెలమ తీయుచున్న ఒక వృద్ధ నీరటిని మేము, "తాతా, వాగు ఎండిపోయింది గదా, నీళ్లెక్కడివి?" అని అడిగితిమి. "బిడ్డా, వాగు పైకి ఎండినట్టు కనిపిస్తది గాని, లోపల నడుస్తనే ఉంటది" అని ఆయన బదులు చెప్పినాడు. భూగర్భశాస్త్ర పాఠము ఇంతకంటె వేరు కాదు. వాగు వేలయేండ్లుగా మోసుకొని వచ్చిన గులకరాళ్లు, ఇసుక అడుగున పరచుకొని నీటిని దాచును. పైనున్న సన్నని ఒండ్రుమట్టి ఆ తడిని మెల్లగా పైకి లాగి పైరు వేళ్లకు అందించును. ఈ పొరల వరుసయే లోయకు ప్రాణము.

మా నేలక్రింద బొగ్గు లేదు, సున్నపురాయి ఉన్నది. దానినాశ్రయించి ఈ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినవి. బొగ్గు గోదావరి లోయలోనిది. 1871లో ఇల్లెందు వద్ద డాక్టర్ కింగ్ బొగ్గును గుర్తించినాడు. సింగరేణి సంస్థ చాలకాలము భూగర్భ గనులనే నడపి, 1975లో రామగుండమున ఓపెన్‌కాస్టు పద్ధతి నారంభించినది. బొగ్గైనను, సున్నపురాయియైనను పైనుండి తవ్వు గని చేయు పని ఒక్కటే. పైమట్టి తొలగవలెను, గుంత దిగవలెను, ఊరిన నీటిని తోడిపోయవలెను. గుంత నీటిమట్టము దాటి దిగినచో చుట్టుపట్ల బావుల నీరు ఆ వైపునకే జారును. పని ముగిసిన పిదప గుంతను పూడ్చవచ్చును, చెట్లు నాటవచ్చును. కాని వాగు పేర్చిన పొరలను తిరిగి పేర్చుట మానవునకు సులభసాధ్యము కాదు.

ఈ సత్యమును గుర్తించిన చట్టమొకటి అమెరికాలో ఉన్నది. మోంటానా, వయోమింగ్ వంటి వానలు తక్కువైన పడమటి రాష్ట్రములలో పశుపోషకులకు చలికాలపు గడ్డి వాగు లోయలలోనే పండును. 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకము చేసిన ఉపరితల గనుల చట్టము, నూరవ పశ్చిమ రేఖాంశమునకు పడమటనున్న ఒండ్రు లోయలకు ప్రత్యేక రక్షణ కల్పించినది. అచ్చటి సేద్యమునకు అంతరాయము కలుగదని, లోయకు నీరందించు వ్యవస్థ చెడదని తేలిన పిదపనే అనుమతి ఈయవలెను. దానిని నిరూపించు భారము గని కోరువానిదే కాని రైతుది కాదు. మినహాయింపులు లేకపోలేదు. అయినను, లోయలోని చిన్న చెలక ఆ రైతు మొత్తము వ్యవసాయమునకు ఎంత ముఖ్యమో చూడవలెనను న్యాయమును అది ఒప్పుకొన్నది. మన ఇరవై గుంటల తరికి కావలసినదియు ఈ న్యాయమే.

మన దేశమున చట్టములు లేవనుట సరికాదు. 2002 నాటి వాల్టా చట్టము నీటిని, భూమిని, చెట్లను కాపాడుటకే పుట్టినది. 2006 నాటి పర్యావరణ ప్రకటన పెద్ద గనుల విషయమున ప్రజాభిప్రాయ సేకరణను విధించినది. కాని వాగు లోయను పేరుపెట్టి, దాని సేద్యమునకు ముందుగానే అడ్డుగోడ కట్టిన నిబంధన వీనిలో లేదు. నష్టము జరిగిన పిదప ఇచ్చు పరిహారము ఒక తరమునకు చాలునేమో. నీరు తరతరములకు కావలెను.

మేము పరిశ్రమలకు విరోధులము కాము. మేము చదువుకొనుచున్న గదుల గోడలు సిమెంటువే. కర్మాగారముల కూలితో పొయ్యి వెలుగు ఇండ్లును ఉన్నవి. సున్నపురాయి ఉన్న చోటనే తవ్వవలెననుట నిజమే. వాగు ఉన్న చోటనే పారవలెననుటయు అంతే నిజము. రెంటికిని చోటు చూపుట వివేకము.

విద్యార్థులమైన మనము చేయదగిన పని ఒకటున్నది. ప్రతి ఊరి వాగును, కత్వను, కుంటను, చెలమను, బావిని పటముపై గుర్తింతము. వానలకు ముందొకసారి, వెనుక నొకసారి బావుల నీటిమట్టము కొలిచి వ్రాసియుంచుదము. నేడు వ్రాయనిదే రేపు పోయినదేమో ఎవరును చెప్పలేరు. ఆ లెక్కను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచినచో, ప్రజాభిప్రాయ సేకరణనాడు రైతు వట్టిచేతులతో నిలువబడనక్కరలేదు. మన చదువు వాగు ఒడ్డున నిలిచిన పల్లెలకు ఈ మాత్రమైనను తోడ్పడుగాక!