వడపళనిలో గది తీసుకోండి!

మద్రాసు వెళ్లే సినీ అభిమానులకు ఒక్క మాట. 1996లో ఊరి పేరు చెన్నైగా మారినా మనవాళ్ల నోట ఇంకా మద్రాసే కదా! అక్కడ సెంట్రల్ స్టేషన్‌లో దిగగానే ఎదురుపడిన లాడ్జిలో దూరకండి. అలాగని స్టార్ హోటల్‌కి పోయి జేబు ఖాళీ చేసుకోనూ వద్దు. నేరుగా మెట్రో ఎక్కి వడపళనిలో దిగండి.

మొన్న నేను చేసిన పని అదే. ఆర్కాట్ రోడ్డుకి దగ్గర్లో ఓ మధ్యతరగతి హోటల్. శుభ్రమైన పక్క, వేడినీళ్లు, ఏ.సి., కింద టిఫిను హాలు. అంతకంటే ఏం కావాలి? రోజంతా గదిలో కూర్చోడానికి రాలేదుగా!

పొద్దున్నే ఓ కాఫీ పట్టించి మురుగన్ కోవెల మీదుగా నడక సాగించాను. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) రూపుదిద్దుకున్న వాహినీ స్టూడియో ఈ చుట్టుపక్కలే ఉండేది. ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. ఇప్పుడా ఆవరణలో విజయా హాస్పిటల్, 2013లో తెరిచిన ఓ పెద్ద మాలూ ఉన్నాయి. మాల్ లోపల సినిమా హాళ్లు! సినిమాలు తీసిన చోటే సినిమాలు ఆడుతున్నాయన్నమాట.

అక్కణ్ణించి ఏ.వి.ఎం.కి నడిచే వెళ్లొచ్చు. 1948లో కారైక్కుడి నుంచి ఇక్కడికి తరలివచ్చిన సంస్థ. 2023లో తెరిచిన వారి మ్యూజియంలో పాతకాలపు కార్లూ, సినిమా పరికరాలూ చూడొచ్చు.

మద్రాసు ఎండ సంగతి తెలిసిందే. మధ్యాహ్నం గదికి చేరి ఓ కునుకు తీశాను. బస దగ్గర్లో ఉంటే వచ్చే సుఖం ఇదే! సాయంత్రం ఆటోలో కోడంబాక్కం వంతెన దాటి టి.నగర్. మన పానగల్ రాజా పేరు పెట్టుకున్న పార్కు చూసి బజుల్లా రోడ్డు వైపు మళ్లాను. ఒకప్పుడు తిరుపతి యాత్రికుల బస్సులు ఎన్.టి.రామారావు గారి దర్శనం కోసం ఆగిన వీధి అది. ఇప్పుడక్కడ మీ వంక తలెత్తి చూసేవాడుండడు.

రాత్రి తాళంచెవి తీసుకుంటూ రిసెప్షన్‌లో ఉన్న తెలుగు కుర్రాణ్ణి కదిలించాను.

“స్టూడియోలు చూడ్డానికి జనం వస్తుంటారా తమ్ముడూ?”

“ఎక్కడ సార్! ఆస్పత్రికి దారెటు అని అడిగేవాళ్లే అందరూ. వాహినీ ఎక్కడని అడిగింది మీరే.”

మన సినిమా పెరిగిన పేట ఇది. ఆనవాళ్లు ఒక్కొక్కటే కనుమరుగైపోతున్నాయి. ఈసారి మద్రాసు వెళ్తే రెండు రోజులు ఇక్కడ బసచేసి, ఆ ప్రశ్న మీరూ అడగండి. ఏమంటారు?